ఎర్ర చుక్కలు

కొబ్బరీనెలు గీస్తున్న ధనమ్మ తలెత్తేసరికి, ఎవరో ముసలాయన అరుగు మీద కూర్చున్న కూతురి కాలు పట్టుకుని వంగి చూస్తున్నాడు.

భవ్యశ్రీ పాదం పైన సూదిమొనంత ఎర్ర చుక్కలున్నాయి. ఆయన ఒక చుక్కని బొటనవేలితో అదిమి వదిలాడు. ఎరుపు పోలేదు.

పళ్లు తోముకుంటే రక్తం వస్తోందా అని అడిగాడు. వస్తోందని, ఇంటర్ చదివే ఆ పిల్ల నవ్వుతూనే చెప్పింది.

"ఎముక మూలుగ పరీక్ష చేయించండమ్మా," అన్నాడు ధనమ్మతో. "అక్కడ కణాలు చచ్చిపోతున్నాయి."

ధనమ్మకి ఒళ్లు మండింది.

"పిల్ల దగ్గర సావు మాటలేటయ్యా? ఎవరు నువ్వు?"

ఆయన పేరు కోసం వెతుక్కుంటున్నట్టు అటూ ఇటూ చూశాడు.

ఇంతలో పక్కింటి కాంతం పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది. పేరు ఉమాపతి అని, తన భర్తకి పెదనాన్న వరస అని చెప్పింది. పెళ్లీ పెటాకులూ లేకుండా ఉత్తరాదిలో ఎక్కడో ఏదో ఉద్యోగం చేశాడట. మతి పోయిందని అక్కడివాళ్లు కబురు పెడితే ఈమధ్యే ఈ ఊరు అక్కుపల్లి తీసుకొచ్చారట.

"ఆయన మాటలు పట్టించుకోకు వదినా. అన్నం తిన్నాడో లేదో కూడా గేపకముండదు."

మర్నాడు ఆయన మళ్లీ వచ్చాడు. పిల్లకి పరీక్ష చేయించారా అని గుమ్మంలోంచి అడిగాడు. ధనమ్మ ఆయన మొహం మీదే తలుపేసింది.

అయినా వస్తూనే ఉన్నాడు. చివరికి ధనమ్మ కాంతంతో గొడవ పెట్టుకుంది. కాంతం తమ గేటుకి తాడు కట్టింది. ఆ తర్వాత ఆయన గేటు లోపలే నిలబడి ఇటు చూస్తుండేవాడు.

పిల్ల నీరసపడుతుంటే, ఉద్దానంలో అందరికీ ఉండే భయమే వాళ్లకీ కలిగింది. తండ్రి వైకుంఠరావు పలాస తీసుకెళ్లి కిడ్నీ పరీక్ష చేయించాడు. కిడ్నీలు బాగున్నాయన్నారు. ధనమ్మ దేవుడికి దండం పెట్టుకుని, మరే పరీక్షా అక్కర్లేదనుకుంది.

జీడిపిక్కలు ఏరే రోజులొచ్చేసరికి భవ్యశ్రీకి జ్వరం పట్టుకుంది. ఒకరోజు పొద్దున్నే లేచి, ఎడమకన్ను కనిపించడం లేదంది.

విశాఖపట్నంలో మూలుగ తీసి చూశారు.

డాక్టరు శశికళ ఓపిగ్గా చెప్పింది. పాడైన కణం తనంతట తాను చచ్చిపోవడానికి ఒంట్లో ఒక ఏర్పాటు ఉంటుంది. ఒంటిని కాపాడాల్సిన కణాలే పొరబడి, రక్తాన్ని పుట్టించే మంచి కణాల చేత ఆ పని చేయిస్తున్నాయి. మూలుగ దాదాపు ఖాళీ అయిపోయింది. రక్తం గడ్డకట్టక, కంట్లోకి దిగింది.

మందులు పనిచేశాయి. మెల్లగా రక్తం పుట్టడం మొదలైంది.

కన్ను మాత్రం రాలేదు.

బట్టల కోసం ధనమ్మ ఊరొచ్చేసరికి ఉమాపతి చనిపోయి పక్షం దాటింది.

"పోయేముందు కూడా మీ పిల్లకెలాగుందని అడిగాడు వదినా," అంది కాంతం. "నా పేరే తెలీదు ఆయనకి."

ధనమ్మ, ఆయన మొహం మీద తలుపేసిన ఆ గుమ్మంలోనే కూర్చుండిపోయింది.

తర్వాత ఆసుపత్రికి వెళ్లినప్పుడు, మొదట్లోనే ఎవరూ గుర్తుపట్టలేదా అని శశికళ అడిగింది.

"సెప్పినోడున్నాడమ్మా. నేనే తలుపేసీసినాను."

ఎవరని అడిగితే, పక్కింటి ముసలాయన, ఉమాపతి అని, మతి లేనివాడనుకున్నామని ధనమ్మ చెప్పింది.

శశికళ, ఆయన బాగా పొడుగ్గా ఉంటారా, ఎడమచేతి వాటమా అని అడిగింది.

ధనమ్మ తలూపింది.

"ఉత్తరాదిలో చదువుకున్నప్పుడు మా మేస్టారమ్మా ఆయన," అంది శశికళ. "మీ పిల్లకి నేను చేసిన వైద్యమంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే."