ఒంటికాలి చదువు

కాకుల బడి పంతులు రాజహంసల సరస్సుకి వెళ్ళి, అక్కడి చదువు చూసొచ్చాడు. "అక్కడి పిల్లలు ఒంటికాలిమీద కదలకుండా నిలబడతారు. అందుకే అంత గొప్పవాళ్ళయ్యారు!" అంటూ కాకిపిల్లల్ని రోజంతా ఒంటికాలిమీద నిలబెట్టాడు. తూలిన పిల్లనల్లా ముక్కుతో పొడిచాడు.

కుంటుతూ ఇల్లు చేరిన కూతుర్ని చూసి తల్లికాకికి ఒళ్ళు మండింది. ఆ సరస్సు నుంచి చుట్టపుచూపుగా వచ్చిన రాజహంసని వెంటబెట్టుకుని మర్నాడు బడికెళ్ళింది.

ఒంటికాలిమీద నిలబడ్డ కాకిపిల్లల్ని చూసి హంస, "ఇంటర్‌బెల్లా? మా పిల్లలూ ఇలాగే ఒక కాలు మడిచి అలుపు తీర్చుకుంటారు" అంది.

"విన్నావా పంతులూ? నువ్వు చూసొచ్చింది వాళ్ళ ఇంటర్‌బెల్లు! దానికా నా పిల్ల కాలు వాచిపోయింది?" అని తల్లికాకి మీదికెళ్ళింది.

"బడిలో గొంతు పెంచుతావా? నువ్వూ ఎత్తు కాలు!" అని పంతులు కసిరాడు.

తల్లికాకి కాలెత్తింది. ఎత్తి, పంతుల్ని ఒక్క తన్ను తన్నింది.