తెర వెనక ఇంగ్లీషు

దొర పడవ రాజోలు రేవులో ఆగిందని కబురు రాగానే ఆమె పాఠం మళ్ళీ మొదటినుంచి వల్లె వేసుకుంది.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టి నాలుగేళ్ళు. ఈ జమీందారీ రాజాగారు పోయి మూడేళ్ళు. తమ కాగితాలు చదివి అర్థం చేసుకునేపాటి ఇంగ్లీషు రాణీగారికి వస్తేనే ఎస్టేటు ఆవిడ చేతిలో ఉంచుతామని దొరలు తేల్చేశారు. రాకపోతే ఎస్టేటు తామే నడుపుతారు. నాలుగేళ్ళ పాపను కూడా చెన్నపట్నం తీసుకుపోయి తామే పెంచుతారట.

పాప పొద్దుటినుంచీ లోపల ఏడుస్తూనే ఉంది.

ఘోషా ఇల్లు. పరీక్ష పెట్టడానికి వచ్చిన దొర హాల్లో కుర్చీలో కూర్చున్నాడు. ఆమె పట్టుతెర వెనక. మధ్యలో దివాన్ కామరాజు గారు, నుదుట చెమటతో.

ఇంగ్లీషు పంతులు మూడేళ్ళు ఈ తెర అవతలినుంచే పాఠం చెప్పాడు. ప్రతి మాటా ఆమెకు కంఠతా వచ్చు. పోలికలంటేనే దడ. తెలుగులో ‘కంటే’ అంటే చాలు, మాట మారదు. ఇంగ్లీషులో మాటకే తోక మొలుస్తుంది. కొన్నింటికి మొలవదు, ముందు ‘మోర్’ తగిలించాలి. రెండూ కలిపితే కొంప మునిగినట్టే.

వసిష్ఠ, వైనతేయం, ఈ రెండు పాయల్లో ఏది పెద్దదని దొర అడిగాడు.

“వసిష్ఠ ఈజ్ మోర్...”

కామరాజు గారు దగ్గారు. ఆమె నాలుక కరుచుకుంది.

“బిగ్గర్.”

ఆగిన దొర కలం మళ్ళీ కదిలింది. దొర అడుగుతూనే పోయాడు. గుడ్‌కి బెటర్ చెప్పింది, బ్యాడ్‌కి వర్స్ చెప్పింది. రవిక వీపుకి అంటుకుపోయింది.

చివరికి, నిన్న ఎలా ఉన్నారో ఇవాళ ఎలా ఉన్నారో పోల్చి చెప్పమన్నాడు.

ఆమెకు అబద్ధం తోచలేదు.

“యెస్టర్‌డే ఐ వాజ్ అఫ్రెయిడ్. టుడే ఐ యామ్ మోర్ అఫ్రెయిడ్.”

దొర నవ్వాడు. పరీక్షంటే తనకూ అంతేనన్నాడు. కాగితం మీద సంతకం చేసి, అభినందించడానికి తెర సందులోకి చెయ్యి చాపాడు.

ఆమె రెండు చేతులూ పమిటలో దాచేసుకుంది.

“మా ఆచారం కాదండీ దొరగారూ,” కామరాజు గారు అడ్డొచ్చారు. “దేవిగారి గోరు కూడా పరాయి మగాడికి కనబడకూడదండీ. ఆయ్.”

దొర మన్నించమని చెప్పి పడవెక్కాడు.

ఆ సాయంత్రం ఏటి ఒడ్డున, దాసీ వరహాలమ్మ పోయిందని ఊరికి చెప్పి తెల్లవారుజామున కన్నుమూసిన రాణీగారిని దహనం చేస్తుంటే, ఆవిడ పక్కనే కూర్చుని మూడేళ్ళ పాఠాలూ విన్న వరహాలమ్మ పాపను ఎత్తుకుని మేడమీది కిటికీలోంచి ఆ పొగ చూస్తూ నిలబడింది.