కాళ్లు లేని పిట్ట

ప్లానెటేరియంలో బుధవారం మూడు గంటల షోకి జనం పలచగా ఉంటారు. ఆ రోజు మరీ నలుగురే. ఎప్పుడూ చివరి వరసలో కూర్చునే పెద్దమనిషి మాత్రం వచ్చాడు.

"మీ అభిమాని వచ్చాడు మేడమ్," అన్నాడు టికెట్ల గుమస్తా, నవ్వు ఆపుకుంటూ. ఎవరో రిటైరైన సర్వేయరట. ఏడాదిగా ఒక్క వారమూ తప్పలేదు. ఇంట్లో తోచక వస్తుంటాడని గుమస్తా అంచనా.

షోలో చుక్కల గురించి చెప్పే ఆమె మైకు సరిచేసుకుంది. ఆమెకీ ఇంట్లో పలకరించే మనిషి లేడు. చివర్లో ఆయన అడిగే ఒక్క ప్రశ్న కోసం బుధవారం దాకా రోజులు లెక్కపెట్టుకునేది.

దీపాలు ఆరాయి. గుమ్మటం మీద దక్షిణాకాశం పరుచుకుంది. ఆ చుక్కల్ని ఆమె కళ్లారా చూసింది లేదు. తొమ్మిదేళ్ల కిందట భూమధ్యరేఖకు అవతల ఒక కొండ మీది అబ్జర్వేటరీలో ఉద్యోగం వచ్చింది. వెళ్లనివ్వని చేతుల్లో ఆ ఆర్డరు కాగితం ఇంట్లోనే ముక్కలైంది.

అడుగున ఉన్న నాలుగు మసక చుక్కలు చూపించింది. పేరు ఏపస్. అంటే కాళ్లు లేనిది. పూర్వం తూర్పు దీవుల నుంచి ఓడల్లో అందమైన పిట్టల చర్మాలు వచ్చేవి. వాటికి కాళ్లుండేవి కావు. ఈ పిట్ట బతికినన్నాళ్లూ ఎగురుతూనే ఉంటుందనీ, ఎక్కడా వాలదనీ దూరదేశాల వాళ్లు నమ్మారు. ఆ పేరే చుక్కలకు పెట్టారు.

"నిజానికి దానికి కాళ్లున్నాయి," అంది. "ఎండబెట్టేటప్పుడు తీసేసేవారు. అంతే."

ప్రశ్నలేమైనా ఉన్నాయా అని అడిగింది. చివరి వరసలో ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఆ కాళ్లు తీసేసినవాడు, తప్పు నాదేనని ఎప్పుడైనా ఒప్పుకున్నాడాండీ?"

ఇన్నాళ్లూ ఆయన అడిగినవి చుక్కల దూరాలు, వయసులు.

"ఒప్పుకున్నట్టు ఎక్కడా లేదండీ," అంది. "ఒప్పుకుంటే వినేవాళ్లు ఉండేవారు."

దీపాలు వెలిగాయి. ఆయన తల వంచుకుని బయటికి నడిచాడు. ఆమె కంట్రోలు గదికి తాళం వేసి బస్సెక్కేసరికి ఆయన ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. ఇద్దరూ ఒకే స్టాపులో దిగారు.

తొమ్మిదేళ్లుగా మాటల్లేని తమ ఇంటి తలుపు తీసి, వెనకే వచ్చిన భార్య గుమ్మం దాటేదాకా ఆయన దాన్ని పట్టుకుని నిలబడ్డాడు.