మామిడికాయ పళ్లెం

పదకొండు గంటల వేళ సూపర్‌వైజర్ సుకన్య మామిడికాయ ముక్కల పళ్లెం పట్టుకుని కుట్టు మిషన్ల మధ్యకు వచ్చింది. ఉప్పూ కారం చల్లిన పచ్చి ముక్కలు.

పొద్దుటి నుంచి ఆమె రజితను తిడుతూనే ఉంది. "బాత్రూంల కాపురం పెట్టినవా? సాయంత్రానికి పంజాగుట్ట షోరూముకు మాల్ పోవాలె."

తనకు మూడో నెల అని రజిత ఎవరికీ చెప్పలేదు. తెలిస్తే పని పోతుంది. అమీర్‌పేటలో ఈ బట్టలు కుట్టే కంపెనీ ఉన్న మూడో అంతస్తుకు మెట్లెక్కుతూ, ఈ ఒక్క రోజు గడిపించు తల్లీ అని రోజూ ఎల్లమ్మకు మొక్కుకునేది.

"పొద్దుగాల అన్నది మనసుల పెట్టుకోకు చెల్లె. జర తిను," అంది సుకన్య నవ్వుతూ.

రజిత ఒక ముక్క తింది. నోరూరి ఇంకోటి తీసుకుంది. పక్క మిషన్ మీద కుట్టే ఆమె మిషన్ కింద నుంచి రజిత కాలిని తన్నింది. ఎందుకో అర్థం కాక, రజిత మూడోదీ అందుకుంది.

సుకన్య ఆమె తల నిమిరింది. "ఎన్నో నెల?"

అంత ప్రేమగా అడిగేసరికి రజిత కళ్లు చెమర్చాయి. "మూడు, అక్కా."

సుకన్య మిషన్ స్విచ్ ఆపేసింది. "లే, సంచి తీస్కో. రేపట్నుంచి రాకు. నీ వాంతులు, నీ ఛుట్టీలు నాతోని గాదు. గిది నీ తల్లిగారిల్లు గాదు."

మళ్లీ అదే నవ్వుతో పళ్లెం పక్క మిషన్ మీద పెట్టింది. "నువ్వు తిను చెల్లె."

"వద్దు మేడం, పళ్లు పులుస్తయి," అంది ఆమె, తలెత్తకుండా కుడుతూనే.

వదులు చున్నీ కింద ఆమెకు అయిదో నెల.