ఏం చదవమంటారు?

"వచ్చిందా?" అంది నాగశ్రీ, గ్రంథాలయం తాళం ఇంకా తీయకముందే.

"రాకేటి మేడమ్మా! సోమారం నాడు సూరీడైనా నాగా ఎడతాడేమో గానీ మీ సీటీ ఎట్టదు" అన్నాడు అటెండరు బైరాగి, వరండాలో వేలాడే బిస్కెట్ డబ్బా కుదిపి చూపిస్తూ.

డబ్బా మీద నాగశ్రీ రాసిన కాగితం అంటించి ఉంది: 'ఏం చదవమంటారు?' తెలుసుకోవాలని ఉన్నది చీటీ మీద రాసి అందులో వేస్తే, ఏ పుస్తకం చదవాలో, రేడియోలో ఏది వినాలో ఆమె పక్కనున్న బోర్డు మీద రాస్తుంది. పలాస జీడిపప్పు బజారు వెనక ఒక వర్తకుడు తండ్రి పేరున పెట్టిన చిన్న గ్రంథాలయం అది. డబ్బా పెట్టి రెండేళ్లయింది. మొదట్లో వచ్చినవన్నీ వెటకారాలే. 'పెళ్లాం తిట్టకుండా ఉండాలంటే ఏం చదవాలి?' అని ఒకడు అడిగాడు. తరవాత తరవాత అవీ ఆగిపోయాయి. ఒక్క చీటీ మాత్రం వారం తప్పలేదు.

గుండ్రటి అక్షరాలు. సంతకం ఉండదు. 'సముద్రం రోజుకు రెండుసార్లు ఎందుకు వెనక్కి పోతుంది?' 'తేనెటీగకు దారి ఎవరు చెబుతారు?' ఆ చీటీలకు జవాబు వెతకడం కోసమే నాగశ్రీ మళ్లీ చదవడం మొదలుపెట్టింది. గురువారం సాయంత్రం రేడియోలో సైన్సు కబుర్లు వినమని బోర్డు మీద రాసి, రాసినందుకు తనూ వినేది. ముప్పై ఆరేళ్లకు ఆమె బతుకులో సోమవారమంటూ ఒకటి వచ్చింది.

ఆ చీటీలు ఎవరివో ఆమెకు తెలుసు. బోర్డు మీద ఏ పుస్తకం పేరు రాస్తే మర్నాడు ఆ పుస్తకం తీసుకెళ్లేది జూనియర్ కాలేజీ లెక్చరరు ప్రేమ్‌కుమార్. రిజిస్టరులో ఆయన సంతకం ఇంగ్లీషులో గీసే ఒక గీత. దస్తూరి పోల్చుకోవలసిన అవసరం నాగశ్రీకి ఏనాడూ తోచలేదు.

పుస్తకాల విషయంలో ఆమె మహా ఖచ్చితం. అన్నింటికీ తనే అట్టలు వేస్తుంది. మిరపకాయ బజ్జీ తింటూ పేజీ తిప్పినందుకు ఒక పెద్దమనిషి కార్డు చింపేసింది. జీడి కార్ఖానాలో గింజలు కొట్టే కన్నమ్మ కార్డు కోసం వస్తే గుమ్మంలోనే ఆపేసింది.

"ఏడు దాకా సదువుకున్నానమ్మా."

"ఆ నల్ల చేతులతో ముట్టుకుంటే పుస్తకం ఏమైపోవాలి? కడుక్కుని రా."

"కడుక్కునే వొచ్చినాను. జీడి నలుపు కడిగితే పోదమ్మా, అలాగని దేనికీ అంటదు."

"పోయాకే రా, చూద్దాం" అంది నాగశ్రీ. బజ్జీ పెద్దమనిషి నెల్లాళ్లు పోట్లాడాడు. కన్నమ్మ అప్పుడే మెట్లు దిగి వెళ్లిపోయింది.

ప్రేమ్‌కుమార్‌తో అలాంటి పేచీ లేదు. పుస్తకాన్ని పాత పేపరులో చుట్టి, ఒక్క మరక లేకుండా తెచ్చేవాడు. పేజీలు కమ్మగా వేగిన జీడిపప్పు వాసన వేసేవి. పలాసలో రూపాయి నోటు కూడా ఆ వాసనే వేస్తుంది కదా అనుకునేది.

"ఎలా ఉందండీ?" అని అడిగితే, "నాదేముంది మేడం, మోసుకెళ్లడమే" అని తల దించుకునేవాడు. ఎంత మొహమాటం మనిషికి అని మురిసిపోయేది నాగశ్రీ.

'చీమ కాళ్లు చూడాలంటే ఏ పరికరం కొనాలి?' అని చీటీ వచ్చిన వారం, ఆమె వాళ్ల నాన్నగారి ఇత్తడి పిడి భూతద్దాన్ని పుస్తకంతో పాటు చుట్టి ఆయన చేతికిచ్చింది. ఆ రోజు అన్నం సయించలేదు. అంత ధైర్యం తను ఎప్పుడు చేసింది గనక!

జూన్‌లో ఆయన చివరి పుస్తకమూ కార్డూ తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"అనంతపురం బదిలీ అయింది మేడం. రాత్రికి బండి. భూతద్దం మాత్రం తిరిగివ్వలేకపోతున్నాను."

"ఉంచుకోమనే ఇచ్చాను."

ఆయన కదల్లేదు. "మేడం, ఒక మాట చెప్పాలి. ఈ రెండేళ్లూ మీతో దాచాను. ఆ చీటీలు..."

నాగశ్రీ చెవులు వేడెక్కాయి. బైరాగి పుస్తకాలు సర్దుతున్నట్టు నటిస్తూ ఇటే చూస్తున్నాడు. "వద్దండీ, చెప్పకండి" అంది గబగబా. "నాకు మొదట్నించీ తెలుసు."

"తెలుసా!" ఆయన ముఖం తేటపడింది. "తెలిసీ ఊరుకున్నారంటే మీది పెద్ద మనసు మేడం." రెండు చేతులూ జోడించి వెళ్లిపోయాడు.

ఎందుకు ఆపాను అని ఆ వారమంతా ఏడ్చింది. నోటిదాకా వచ్చిన మాటను చెప్పనిస్తే ఏం పోయేది? బైరాగి చూస్తే చూశాడు! పరువు, పరువు అని ఇన్నేళ్లూ కూచుంది. గుమ్మంలోకి వచ్చిన మనిషిని తన చేతులతో తనే పంపేసింది.

సోమవారం ఆమె వచ్చేసరికి బైరాగి మెట్ల మీదే ఉన్నాడు.

"మీ సీటీ, మేడమ్మా."

"ఇంకెక్కడి చీటీ బైరాగీ? ఆయన వెళ్లిపోయారుగా."

"ఏటో మరి. నిన్న సాయంత్రం డబ్బా ఖాళీగుండీది. ఇప్పుడు ఉంది."

ఎవరి చేతనైనా వేయించారేమో, అడ్రసు రాశారేమో. గబగబా విప్పింది. అవే గుండ్రటి అక్షరాలు, ఒక్కటే వాక్యం.

'పుస్తకాలు తెచ్చిచ్చే సారు గారికి బదిలీ అయిపోయింది, నల్ల చేతులకు ఇప్పుడైనా కార్డు ఇస్తారా?'