ఊదా గీతలు

“కదలకు నాన్నా!”

తులసి అగ్గిపుల్ల చివర దూది చుట్టి ఊదారంగు మందులో ముంచింది. అంకయ్య గడ్డం పైకెత్తి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాడు. మెడకు కుడివైపు లేచిన గడ్డ చుట్టూ గీతలు, మధ్యలో ఒక చుక్క. నిన్నటి చెమటకు పైగీత కాస్త వెలిసింది. తులసి దాని మీదే మళ్ళీ గీసింది. వెంట్రుకవాసి కూడా పక్కకు పోనివ్వలేదు.

పక్కింటి కోటయ్య వల భుజాన వేసుకుని పడవ దగ్గరికి పోతూ ఆగాడు.

“ఏం బావా, రేపల్లె రైలుని నీ మెడ మీదుగా మన పల్లెకు తెస్తున్నావా ఏంటి? పిల్ల పట్టాలేస్తంది!”

“తెచ్చినా నిన్నెక్కనివ్వను, పో!” అన్నాడు అంకయ్య బొంగురు గొంతుతో. ఆ మాత్రానికే దగ్గు తెర కమ్ముకుంది.

తులసికి నవ్వు రాలేదు. ఆ గీతలు చెరిగిపోతే నాన్న దక్కడు. ఆమెకు తెలిసిందల్లా అదే.

చలికాలంలో అంకయ్య గొంతు పోయింది. క్యాన్సర్ అన్నారు. రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి వెళితే పెద్దాసుపత్రి. అక్కడ మిషను కింద పడుకోబెట్టి, గడ్డ మీదికి కంటికి కనపడని కిరణాలు వదులుతారు. పల్లెలో అందరూ దాన్ని కరెంటు పెట్టడం అన్నారు. ఆ కిరణాలు గురి తప్పకూడదనే మెడ మీద గీతలు గీశారు. వాటికి సబ్బు తగలకూడదు. నూనె తగలకూడదు. నీళ్ళు అసలే పడకూడదు.

అమ్మ రత్తాలు చేపల గంప ఎత్తకపోతే పూట గడవదు. అందుకని తులసే పుస్తకాల సంచీతో నాన్న వెంట తిరిగింది. పదో తరగతి పరీక్షలు దగ్గరపడ్డాయి. రైల్లో చదివేది, ఆసుపత్రి వరండాలో చదివేది.

శివరాత్రి వెళ్ళిన వారం, అంకయ్య డాక్టరు గదిలోంచి చాలా ఆలస్యంగా బయటికొచ్చాడు. మొహం తడిగా ఉంది.

“కడుక్కున్నావా? గీతల మీద నీళ్ళు పడితేనో?” తులసి గాభరాపడింది.

“పడలేదులే. మిషను పాడైందంటమ్మా. బొంబాయి నుంచి సామాను రావాలంట. బాగయ్యాక కార్డు రాస్తారంట.”

“అందాకా?”

“గీతలు చెరక్కుండా చూసుకోవాలంట. ఇదుగో, మందు.” గుప్పిట్లోంచి చిన్న సీసా తీసి ఇచ్చాడు.

లోపలికెళ్ళి డాక్టరుగారిని ఒక్క మాట అడగాలనుకుంది తులసి. గుమ్మం దాకా వెళ్ళింది. కొత్తవాళ్ళ ముందు ఆమెకు నోరు పెగలదు. తిరిగి వచ్చేసింది.

అప్పటి నుంచి అంకయ్య మెడకు తులసే కాపలా. తుంపర పడుతుందని పడవ దగ్గరికి పోనిచ్చేది కాదు. చెమట పడుతుందని నీడలోంచి లేవనిచ్చేది కాదు. అంత సముద్రాన్ని ఏలినవాడూ పసిపిల్లాడిలా ఆమె మాట విన్నాడు. తెల్లారగానే తనే పిలిచేవాడు.

“రా తల్లీ, గీసేసి చదువుకుందువుగాని.”

ఆమె పైకి చదువుతుంటే పక్కన కూర్చుని వల అల్లుతూ వినేవాడు. గీతలు గీసేటప్పుడు మాత్రం రత్తాలు అక్కడ ఉండేది కాదు. పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయేది. వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉండేవి. పుల్లలు పచ్చివి, పొగ అనేది.

కార్డు రాలేదు. గడ్డ పెరిగింది. గంజి తప్ప ఏదీ మింగుడు పడటం లేదు.

పరీక్షల సెంటరు బాపట్లలో పడింది. పరీక్షలయ్యేదాకా హనుమాయమ్మ అత్త ఇంట్లో ఉండాలి.

“సెప్టెంబర్లో రాస్తాను నాన్నా. నేను పోతే గీతలెవరు చూస్తారు?”

అంకయ్య చేతిలోని వల విసిరికొట్టాడు. ఆమె మీద ఎన్నడూ కోప్పడని మనిషి. కాసేపటికి తనే దగ్గరికి వచ్చి తలమీద చెయ్యేశాడు.

“నీ ఆఖరి పరీక్ష అయ్యేదాకా ఈ మెడ మీద చుక్క నీళ్ళు పడనిస్తే నన్నడుగు. వెళ్ళమ్మా.”

ఆ మాట పట్టుకుని వెళ్ళింది. వేళ్ళకు అంటిన ఊదారంగుతోనే పరీక్షలన్నీ రాసింది. ఆఖరి పేపరు ఇచ్చేసి, అత్త అన్నం తినమంటున్నా వినకుండా బస్సెక్కింది. ఈపాటికి కార్డు వచ్చే ఉంటుంది. రేపే నాన్నను తీసుకుని రైలెక్కాలి.

ఇంట్లో ఎవరూ లేరు. పెరట్లో నీళ్ళ చప్పుడు.

అంకయ్య రాతిపలక మీద కూర్చుని ఉన్నాడు. రత్తాలు తలమీంచి చెంబుతో నీళ్ళు పోస్తోంది. కుంకుడు నురుగుతో మెడ రుద్దుతోంది. ఛాతీ మీదుగా ఊదారంగు నీళ్ళు కారిపోతున్నాయి.

“అమ్మా! ఏంటమ్మా చేస్తున్నావ్? గీతలు!”

పరిగెత్తుకెళ్ళి రెండు చేతులతో నాన్న మెడ కప్పేసింది. రత్తాలు తలెత్తలేదు. చెంబు జారి పడింది.

“పరీక్షలన్నీ అయిపోయాయా?” గాలిలాంటి గొంతుతో అడిగాడు అంకయ్య.

“అయిపోయాయి నాన్నా! నువ్వు మాటిచ్చావుగా, గీతలు...”

“బాగా రాశావా?”

ఏడుస్తూనే తలూపింది. అంకయ్య మొహం విప్పారింది. మెడ మీది ఆమె చేతుల్ని మెల్లగా విడదీసి, తడిచేతుల్లోకి తీసుకున్నాడు.

“మిషను బానే ఉందమ్మా, ఇంక నాకు కరెంటు పెట్టి లాభం లేదని ఆ రోజే చెప్పేశారు.”