పోపుల అరలో సాలెపురుగు

బూజుకర్ర ఎందుకు దాచారని నేను, ఫొటో తీయకుండా దులపొద్దని మా ఆయన పొద్దున్నే గొడవపడ్డాం. సాలెపురుగు ఏ జాతిదో తేలాకే దాన్ని తీసెయ్యాలన్నది ఇప్పుడు ప్రతి ఇంటికీ నియమం. పోపుల అరలో ఉన్నదాన్ని ఆయన ఫొటో తీశారు.

"అరుదైనది, కదపరాదు" అంది ఫోన్.

"మన వీధి మొత్తానికి మనింట్లోనే, మాలినీ!" అని ఆయన మురిసిపోయారు.

వారానికి దాని గుడ్లసంచి పగిలింది. ఆవగింజంత పిల్లలు డబ్బాల మీద పాకాయి. పోపులో చిటపటలాడినవన్నీ ఆవాలేనా అన్న అనుమానం నాకు పట్టుకుంది.

భోజనాల దగ్గర ఆయన చారు జుర్రుతూ, "మన గుమ్మానికి 'అరుదైన సాలెపురుగు ఉన్న ఇల్లు' అని బోర్డు పెడతారట" అన్నారు.

"పెట్టించండి. దాన్ని కదపకూడదు గానీ నన్ను కదపొచ్చుగా? రేపటి నుంచి పొయ్యి మీరు ఇంట్లో ఆఫీసు పని చేసుకునే గదిలో ఉంటుంది" అన్నాను.